పెళ్ళికార్డుల షాపులో షుగర్ స్ట్రిప్పులు

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో మా ల్యాబులో ప్రింటింగ్ మిషను పాడైంది. బాగుచేసే మనిషి ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలీదు. నేను చేస్తున్నది కాగితం మీద షుగర్ పరీక్ష. ఫిల్టర్ పేపరు మీద కార్బన్ ఇంకుతో సన్నటి గీతలు అచ్చువేసి, ఎంజైము అద్ది ఆరబెడతాం. రక్తపు చుక్క పడితే అందులోని షుగర్‌ని బట్టి కొంచెం కరెంటు పుడుతుంది. అది కొలిచి కాగితం పారేయడమే. చవక కాబట్టి పల్లెటూళ్ళకు పనికొస్తుందని మా ఆశ.

ఊరికే కూర్చోలేక అనకాపల్లి వచ్చేశాను. మా నాన్న స్నేహితుడొకాయన ఇక్కడ పెళ్ళికార్డులు స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాడు. చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. మా మిషను చేసేదీ ఆయన చేసేదీ ఒకటే పని, గుడ్డ బిగించిన ఫ్రేములోంచి ఇంకుని రబ్బరు పట్టీతో కిందికి నొక్కడం.

నా డిజైను చూసి, "ఏటమ్మా ఇది? పేర్లు లేవు, ముహూర్తం లేదు" అన్నాడు.

"షుగర్ చూసే కాగితం బాబాయ్."

"గీతలకి షుగరెలా తెలుత్తాది?"

చెప్పాను. ఓపిగ్గా విని ఫ్రేము తీశాడు. నేను ఇంకు మరీ పలచన చెయ్యడంతో మొదటి వాయిలో గీతలన్నీ కలిసిపోయి మీసాల్లా తయారయ్యాయి. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. రెండో వాయి కుదిరింది. కార్డుల పక్కనే స్టాండులో ఆరబెట్టాం. కూతురి పెళ్ళికి కార్డులు ఎంచుకోడానికి రోలుగుంట నుంచి వచ్చిన రైతొకాయన వాటిని తిప్పితిప్పి చూశాడు.

"ఇదేటి మావా, కొత్త మోడలా?"

"అది పెళ్ళికి కాదు బావా, డాట్రు కాడికి" అన్నాడు బాబాయ్.

మర్నాడు ఎంజైము అద్ది, కరెంటు కొలిచే చిన్న పరికరంతో ఫోనుకి కలిపి, గ్లూకోజు నీళ్ళతో పరీక్షించాను. గ్లూకోజు పెంచేకొద్దీ ఫోను తెరమీద గీత పైకి లేచింది. నా సంతోషం చూసి బాబాయ్ వేలు చాపాడు.

"నీళ్ళతో ఏటి, నా రగతం సూడు."

అనుమతి రాలేదు, ఇంకా మనుషుల మీద వాడకూడదన్నాను. వినలేదు. పోల్చుకోడానికి నేను తెచ్చుకున్న మామూలు గ్లూకోమీటరు సూదితో తనే పొడుచుకుని, చుక్కని నా కాగితం మీద పెట్టేశాడు. గీత తెర అంచు దాటిపోయింది. స్ట్రిప్పు చెడిందనుకుని నీరుగారిపోయాను. ఎందుకైనా మంచిదని మీటరుతోనూ చూశాను. అదీ చాలా ఎక్కువే చూపించింది.

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఈమజ్జెన కళ్ళు మసగ్గా ఉంటన్నాయి. అద్దాలు పాతవయిపోయేయనుకున్నాను" అన్నాడు మెల్లిగా.

"నా కాగితాన్ని నమ్మొద్దు బాబాయ్. డాక్టరు దగ్గరికెళ్దాం" అన్నాను.

షట్టరు దించి వెళ్ళాం. అక్కడి పరీక్షలోనూ షుగరేనని తేలింది. సమయానికి వచ్చారన్నాడు డాక్టరు. మాత్రలు రాశాడు, నడవమన్నాడు. చూపు నెమ్మదిగా తేరుకుంది. పిన్ని మాత్రం టీలో పంచదార మానిపించలేక ఇప్పటికీ నాకు ఫోను చేసి, "నీ మాటయితే ఇంటాడు, నువ్వు సెప్పమ్మా" అంటుంది.

స్ట్రిప్పులతో నా పని ఇంకా తెమల్లేదు. వానాకాలం చెమ్మకి ఎంజైము పాడైపోతోంది. ఆ రోజు కొలత నా థీసిస్‌లో లేదు, ఉండకూడదు కూడా. మా గైడు అడిగితే మాత్రం, ప్రింటింగ్ బాగా కుదిరింది సార్ అన్నాను.