పక్కింటి కారు మీద పెల్ఫ్

మా బాపు గోదావరిఖనిలో ఇంగ్లీషు సారుగా చేసి రిటైరయ్యాడు. బడి వదిలినా ఒక మాటను మాత్రం వదల్లేదు. పెల్ఫ్. డబ్బునూ, డబ్బుతో వచ్చే హంగులనూ ఈసడిస్తూ పాతకాలపు ఇంగ్లీషువాళ్లు అన్న మాట. పక్క క్వార్టర్‌లో ఉండే, బొగ్గుగనిలో డంపర్ లారీ నడిపే డ్రైవరు పెద్ద టీవీ తెచ్చినప్పుడు బాపు గేటు దగ్గర నిలబడి "పెల్ఫ్!" అన్నాడు. ఫ్రిజ్ దిగినప్పుడూ అదే. అతను ప్రతిసారీ వంగి దండం పెట్టేవాడు.

మొన్న దసరాకు అతను కారు కొన్నాడు.

"అక్కా, సారు అంటుంటడు గద, గా పెల్ఫ్ అంటే ఏంది?" అని నన్నడిగాడు.

"సంపద" అన్నాను. అబద్ధమేం కాదు. మిగతా సగం చెబుదామంటే నవ్వు ఆగేలా లేదు.

సాయంత్రానికి కారు వెనక అద్దం మీద ఆ మాట బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాల్లో వెలిసింది. అటూ ఇటూ నెమళ్లు. బాపు కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాడు.

"ఏందిది?"

"మీ దీవెనే సార్! మీరు గా మాట అన్నకాన్నుంచి నాకన్ని కలిసొస్తున్నయ్. ఖనిల ఇంకెవ్వల బండి మీద లేదిది."

బాపు నోరు తెరిచాడు. అతని భార్య అందులో లడ్డు పెట్టింది. నమిలి మింగి, ఇంటికొచ్చి నా మీద లేచాడు.

"నువ్వన్న చెప్పకపోతివి?"

"నువ్వే చెప్పరాదు బాపూ?"

"ఎట్ల చెప్పాలె? గంత సంబురంగ ఉన్నడు."

తర్వాత కొన్నాళ్లకు బాపును కరీంనగర్ కళ్ల దవాఖానకు తీసుకుపోతుంటే, అతను కారు తెచ్చి మా ముందు ఆపాడు. "బస్సెందుకు సార్, మన పెల్ఫ్ ఉండంగ!" బాపు నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. బాపు ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటకముందే ఏసీ ఇంకొంచెం పెంచమన్నాడు.

పెద్దపల్లి దగ్గర చాయ్‌కి ఆగాం. డ్రైవరు గ్లాసులు తేవడానికి వెళ్లాడు. ఎవరో కుర్రవాడు అద్దం మీది మాట చదివి, పకపకా నవ్వి, ఫొటో తీయబోయాడు. బాపు గబగబా వెళ్లి అక్షరాలకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఇంగ్లీషు మంచిగ వస్తదా బిడ్డా?"

"వస్తది సార్."

"అయితే జర మెల్లగ నవ్వు. దా, చాయ్ తాగుదువు."

గ్లాసులతో వచ్చిన మావాడు, "ఎవలు సార్ గాయన?" అన్నాడు.

"మన కారు నచ్చిందట" అన్నాడు బాపు.