డాబా మీది కేబుల్

తెనాలిలో మా వీధిలోనే, మధ్యలో ఒక్క ఇల్లు వదిలి మా అత్తగారు ఉంటారు. మోకాళ్ల నొప్పులతో మా మేడ ఎక్కలేరు. నా భార్య పోయాక, ఆమె ఫొటోలన్నీ ఉన్న పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చి, డాబాల మీదుగా అత్తగారి గదిలోని కంప్యూటర్‌కు కేబుల్ లాగాను. రోజూ కాఫీకి ముందు కూతుర్ని చూసుకోవడం ఆవిడకు అలవాటయింది.

ఈ ఉదయం ఫొటోలు రావడం లేదని కబురొచ్చింది. డాబా ఎక్కి చూస్తే, మధ్యింటి పిన్నిగారు ఆ కేబుల్ మీద తడి దుప్పట్లు ఆరేస్తున్నారు.

“పిన్నిగారూ, అది దండెం కాదండి, కంప్యూటర్ తీగ. బాబాయిగారిని అడిగే కట్టాను.”

“ఆయన నాకేం చెప్పారు గనక ఇది చెప్పడానికి? నా అవస్థ చూసి కట్టావనుకుని వీధంతా నిన్ను మెచ్చుకుంటున్నాను బాబూ.”

బరువుకు కేబుల్ కొస ఊడిపోయింది. కొత్త కొస బిగించి, ఫొటోలు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా అత్తగారు కాఫీ ముట్టలేదట.

సాయంత్రం కేబుల్‌ను పైకెత్తి కట్టాను. పిన్నిగారికి నైలాన్ తాడుతో వేరే దండెం కూడా కట్టాను. వచ్చిన మెప్పును వెనక్కి ఇవ్వబుద్ధి కాలేదు.

మీరైతే కేబుల్ లాగేముందు ఇంటాయన్ని అడుగుతారా, బట్టలు ఆరేసే ఆవిడనా?