నడుమల దూర్చిన వరుస

కార్తీక మాసం ఆఖరి సోమవారం, పొద్దున పదకొండు గంటలు. సూర్యాపేటల మా సేటు విత్తనాల దుకాణం, లోపలి అర్ర. తొంభైల నడుమ సంగతి. ఆ గడియ నుంచి ఒక అబద్ధం మోస్తున్న. మోసుకుంటనే ముసలోణ్ణయిన.

సదివే నువ్వెవరో నాకు ఎరుక లేదు. ఒక్క మాట ముందే చెప్తున్న. "పాపం, తెలవక చేసినవ్" అని నన్ను ఓదార్చకు. తెలవక చేసింది ఒకటున్నది, తెలిసి చేసింది ఇంకొకటున్నది. నన్ను తింటున్నది రెండోది.

సేటుకు మూడు తావుల యాపారం. సూర్యాపేటల దుకాణం, మిర్యాలగూడల గోదాము, కోదాడల చిన్న కౌంటరు. నేను హమాలీగ చేరి గోదాము పెద్దనైన. నలభై దాటేదాక వేలిముద్రనే. తెలుగు అక్షరాలు రాత్రిబడిల నేర్సుకున్న. ఇంగ్లీషు అక్షరాలు సుజాత నేర్పింది. కోదాడ పిల్ల. డిప్లొమా చదివి, సేటు కొత్తగ కొన్న కంప్యూటర్ మీద పనికొచ్చింది. అందరూ నన్ను "ఏయ్ గోదాము" అని పిలిస్తే, "బాబాయ్" అని పిలిచింది ఆ పిల్లొక్కతే.

ఆమె చేసిన ఏర్పాటు చెప్త, లేకుంటే నా తప్పు నీకు తెలవదు. కంప్యూటర్ల ఒక ఫైలు ఉంటది. ఒక్కో విత్తనానికి ఒక్కో వరుస: పేరు, ఎన్ని దినాల పంట, ఏ భూమికి పనికొస్తది. గంతే. నంబర్లు మనం రాసుడు లేదు. ఆమె రాసిన ప్రోగ్రాము ఆ ఫైలును పైనుంచి కిందికి సదువుకుంట తనే ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఏస్తది. ఎనక రెండు పట్టికలు అచ్చు తీస్తది. పేరు చూసి నంబరు ఎతికేది కౌంటరుకు. నంబరు చూసి పేరు ఎతికేది గోదాముకు. సంచి మీద పేరుండదు, నంబరు ముద్రే. ఒక్క తాన రాస్తే మూడు ఊర్లకు ఒక్కటే మాట. అంతకుముందు మూడు ఊర్లు మూడు తీర్ల రాసుకొని పొద్దంత కొట్లాడేది. ఆ కొట్లాటను ఆ పిల్ల ఖతం చేసింది.

ఒక్కటే కట్టడి పెట్టింది. కొత్త విత్తనమొస్తే వరుస ఆఖరునే రాయాలె. నడుమ రాస్తే దాని కిందివన్నీ ఒక్కో నంబరు జరుగుతయి, సంచుల మీద ముద్ర మాత్రం పాతదే ఉంటది. నాకు కూసోబెట్టి చెప్పింది. నేను తలూపిన. అర్థమయిందా? అప్పుడు సగమే అయిందేమో. అడగడానికి నామోషీ.

ఆమె సుట్టాల పెండ్లికి పోయిన దినాలల్ల కొత్త రకం వచ్చింది. తక్కువ దినాల పంట. నేనే సూర్యాపేట దుకాణానికొచ్చి కంప్యూటర్ ముందు కూసున్న. ఒక్కో అక్షరం ఎతుక్కుంట కొట్టిన. ఆఖరుకు పోవాలెనని యాదికున్నది. కానీ ఆఖరు అంటే నాకు మంట. పెండ్లి బంతులల్ల మమ్ముల ఆఖరుకే కూసోబెట్టేటోళ్ళు. అడుగంటిన అన్నం, నీళ్ళ చారు. దీన్ని కూడ ఆఖరున పెట్టాలెనా? దాని తోటివి పైనున్నయి గద? గోదాముల తక్కువ దినాల సంచులన్నీ ఒక్క తాన పేరుస్తం గద? నడుమల దూర్చిన. పట్టికలు అచ్చయి ఒస్తుంటే ఛాతి పొంగింది. అదే దినం కోదాడకు బస్సుల పంపిన.

ఇగ సూడు. పాత లెక్కల ఐదు అంటే తక్కువ దినాల సన్న వడ్లు, ఆరు అంటే ఎక్కువ దినాలవి. గింజ చేతిల పోస్తే రెండూ ఒక్కతీరే. నేను కొత్తదాన్ని ఐదుల పెట్టంగనే తక్కువ దినాలవి ఆరుకు జరిగినయి, కాయితం మీద. కోదాడల ఆరు ముద్ర సంచులల్ల ఉన్నయి మాత్రం ఎక్కువ దినాలవే.

చిలుకూరు దిక్కు తండా నుంచి సక్రు అనే రైతు వచ్చి తక్కువ దినాలవి అడిగిండు. కౌంటరు మనిషి కొత్త పట్టిక చూసి ఆరో నంబరు సంచి ఇచ్చిండు. సక్రుది కాలువ చివరి భూమి. నీళ్ళు అందరికన్న ఆఖరున వస్తయి, అందరికన్న ముందు బందైతయి. ఆఖరున ఉండుడంటే ఏందో నాకు ఎరుకే గద? ఎరుకున్న నేనే ఆయన నోట్ల మన్ను కొట్టిన.

ఆ సోమవారం సక్రు ఎండిన వరి గుప్పెడు పట్టుకొని వచ్చి కంప్యూటర్ బల్ల మీద పెట్టిండు. అన్నీ తాలు, పొట్టుల గింజ లేదు.

"ఏమిచ్చిన్రు సేటూ నాకు? పైరు పొట్ట మీదున్నప్పుడే కాలువ బందైంది. పక్క చేన్లన్నీ కోసుకున్నరు."

సేటు సుజాత దిక్కు తిరిగిండు. ఆమె ఫైలు తెరిచి జరసేపు చూసి నన్ను అడిగింది.

"బాబాయ్, ఈ వరుస నడుమలో మీరు రాశారా?"

"నేనెక్కడ రాసిన? నువ్వే రాసినవ్ గదమ్మా."

సేటు గట్టిగ నవ్విండు. "వాడు రాసుడేందమ్మా! వానికి ఓనమాలొచ్చి ఎన్నొద్దులాయె? బర్రెను తెచ్చి వీణ వాయించిందంటున్నవ్!"

"రేపు కలెక్టరయితడు సేటూ, కుర్సీ చూసిపెట్టు," అన్నడు గుమస్తా యాదగిరి.

ఆ నవ్వు ఇన్నేండ్లయినా నా చెవులల్ల ఉన్నది. చదువు రాదని నవ్వినోణ్ణి నా జన్మల నేను ఊకె ఒదిలిపెట్టలే. కొట్లాడిన, కాలర్ పట్టిన. ఆ దినం మాత్రం ఆ నవ్వు చాటుకు పోయి కుక్కలెక్క దాక్కున్న. నేను రాయగలను అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎందుకనలేదు? మళ్ళ సంచులు మోయాల్సొస్తదనా? అంతకన్న పాడు సంగతున్నది. వాళ్ళు నన్ను బర్రె అంటే నాకు పానం నిమ్మలమైంది. థూ.

సుజాత నా మొఖం చూసింది. ఆమెకు అంతా తెలిసింది. "సరే బాబాయ్" అని టిఫిన్ డబ్బా తీసుకొని మెట్లు దిగింది. సేటు మళ్ళ రానియ్యలే. సూర్యాపేటల ఇంకెవ్వరూ పనికి పెట్టుకోలే, పంట ఎండగొట్టిన పిల్ల అని పేరుపడ్డది. సక్రు చేన్ల గొడ్లను తోలిండు. సేటు ఆయనకు నష్టం కింద గింజ కూడ ఇయ్యలే. నేను గోదాము పెద్దగనే ఉన్న. ఒకపారి కోదాడ బస్టాండుల ఆమె కనపడ్డది, సంకల పిల్ల. నేను కూసున్న బస్సు ఎనక దర్వాజల నుంచి దిగి పోయిన. ఆమె నేర్పిన ఇంగ్లీషు అక్షరాలతోనే బోర్డు సదువుకొని ఇంకో బస్సెక్కిన.

మాఫీ అడుగుత లేను. ఇచ్చేటోళ్ళు ఈడ లేరు. సేటు మీద కోపం, యాదగిరి మీద కోపం, నా నోటి మీద అన్నిటికన్న ఎక్కువ కోపం. ఆ కోపం పోలేదు. బరువు మాత్రం జర జరిగింది.

ఆ దినం ఆ అర్రల ఉన్నోళ్ళ పేర్లు రాస్తున్న. ఎండిన వరి పట్టుకొచ్చిన సక్రు. కుర్సీల సేటు. తలుపు కాడ గుమస్తా యాదగిరి. కంప్యూటర్ ముందు సుజాత.

ఆఖరున నేను. ఆ వరుస రాసినోణ్ణి.