రెండు నంబర్ల తుపాకీ

గురమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్ళే సగం మరిచిపోయారు. ఆమె తండ్రి ఊరూరా ఎగ్జిబిషన్లలో గాలి తుపాకీతో బెలూన్లు కాల్చే స్టాలు నడిపేవాడు. ఏడేళ్ళ పిల్ల బల్ల మీద మోచేతులు ఆనించి పన్నెండు బెలూన్లనూ వరసగా పేల్చేసరికి, “ఇదెక్కడి గురి తప్పని గురమ్మరా నాయనా, బెలూన్లన్నీ ఇదే ఖాళీ చేసేట్టుందే!” అని నవ్వాడట. ఆ పేరు అలా అంటుకుపోయింది.

కాల్చడం కంటే తుపాకీలను విప్పడమంటేనే ఆమెకు ఎక్కువ ఇష్టం. తండ్రి పక్కన చతికిలబడి స్ప్రింగులు మార్చేది, ఎండిపోయిన తోలు వాషర్లకు నూనె పట్టించేది. పెద్దయ్యాక పుస్తకాలు తెప్పించుకుంది, పాత కేటలాగులు పోగుచేసింది. పాత గాలి తుపాకీని చేతిలో పెడితే అది ఎప్పటిదో, ఎక్కడ తయారైందో, ఎవరెవరు దానికి మరమ్మతులు చేశారో చెప్పగలిగే స్థితికి వచ్చింది.

పెళ్ళి పొసగక, ఓ నెల్లాళ్ళుండి పోదామని అన్నయ్య ఇంటికి వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏడేళ్ళు. ఇప్పుడు నలభై ఎనిమిది.

కింద అన్నయ్యకు పాత వస్తువుల దుకాణం, పైన ఇల్లు. దుకాణం వెనక ఆమె గది. ఒకప్పుడు కిటికీ ఉండేది కానీ, పక్కవాళ్ళు గోడ లేపాక దాన్ని ఇటుకలతో పూడ్చేశారు. పొద్దున్నించి సాయంత్రందాకా ట్యూబులైటే దిక్కు. గదిలోంచి బయటికి రావాలంటే దారికి అడ్డంగా ఉన్న కుర్చీలోంచి అన్నయ్య లేచి, దాన్ని పక్కకు జరపాలి. లేచిన ప్రతిసారీ ఆయన, “ఎక్కడికమ్మా?” అంటాడు. కోపంగా కాదు, ప్రేమగానే. ఏం చెప్పాలో తెలియక ఆమె చాలాసార్లు కూర్చున్నచోటే ఉండిపోయేది.

ఆ గురువారం అన్నయ్య తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

“చూడవే గురమ్మా! కళ్ళు తిరిగి పడిపోకు మరి. తుక్కు కొట్లో దొరికింది. పాత తుపాకులు పోగుచేసే పళ్ళ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పేశా కూడా. ఈ కంపెనీ మొట్టమొదట చేసిన గాలి తుపాకీ, ఆయన ఏళ్ళ తరబడి వెతుకుతున్న మొదటి రకం ఇదే. సోమవారం వస్తాడు.”

“నాకు చూపించకుండానే చెప్పేశావా?”

“చూపించడానికేముంది? అసలుదేనని కాగితం రాసి నువ్వో సంతకం పడేస్తే చాలు.”

అలవాటు ప్రకారం ఆమె ముందు గొట్టాన్ని కీలు దగ్గర కిందికి మడిచి, లోపల గుండు లేదని చూసుకుంది. తర్వాత లైటు కింద తిప్పింది. ఒక్క క్షణం ఆమె కూడా నిజమేననుకుంది. తుపాకీ ఒంటి మీద ఫ్యాక్టరీ ముద్ర మొదటి రకానిదే. చెక్క కూడా ఆనాటిదే. చెంప ఆనించేచోట ఎవరో ఏళ్ళ తరబడి వాడి నున్నగా అరగదీశారు. కానీ ఇనుముకు తుప్పు పట్టకుండా వేసే నీలిపూత మరీ కొత్తగా ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ముద్రలోని అక్షరాల అంచులు కరిగిన సబ్బులా ఉన్నాయి. కొత్త పూతకు ముందు ఎవరో ఇనుమును బాగా రాపిడి చేశారన్నమాట.

మరలు విప్పి చెక్క ఊడదీసింది. ఒంటి మీద ఒక నంబరు. గొట్టం అడుగున ఇంకో నంబరు. ఆ రెండోది దాదాపు పాతికేళ్ళ తర్వాత వచ్చిన తుపాకీలది. లోపల తోలు వాషరుకు బదులు ప్లాస్టిక్‌ది వేశారు. అంటే ఇది రెండు తుపాకుల ముక్కలు కలిపి కుట్టిన బొంత.

“ఇది మొదటి రకం కాదన్నయ్యా. ఒళ్ళు దానిదే, గొట్టం వేరేదానిది. మొదటి రకం ధరలో మూడో వంతు కూడా చెయ్యదు.”

అన్నయ్య మొహం వాడిపోయింది. గొంతు తగ్గించాడు. “గొట్టం కింద నంబరు ఆయన విప్పి చూస్తాడంటావా? ఆయన చూసేది పళ్ళు కదే! నీ కాగితం చూసే కొంటాడు. నేను మాటిచ్చేశాను తల్లీ. నా పరువు తీయకు.”

సోమవారమన్న మాట ఆమెకు రెండు విధాల ముల్లై గుచ్చుకుంది. దూరపు ఊళ్ళో ఒక క్రీడా సంఘంవాళ్ళు మ్యూజియం పెడుతున్నారు. ఎవరో అరవై పాత గాలి తుపాకులు ఇచ్చారట. వాటిని గుర్తించి, ఏ ఏటివో లెక్కగట్టి, పట్టిక రాయడానికి మనిషి కావాలి. “మీరే రావాలండీ, ఉండడానికి గది కూడా ఇస్తాం. వచ్చే సోమవారంలోగా చెప్పండి,” అని అక్కడి కార్యదర్శి ఫోన్ చేసి మూడు రోజులైంది. ఆ సంగతి ఇంట్లో ఇంకా ఎత్తలేదు.

శుక్రవారం భోజనాల దగ్గర చెబుదామనుకుంది. వదిన అందరికంటే ముందు ఆమెకే వడ్డించి, “మీ అన్నయ్యకు రాత్రంతా నిద్ర లేదు. నువ్వున్నావన్న ధైర్యంతోనే నెట్టుకొస్తున్నారు. నువ్వే లేకపోతే ఈ షాపెక్కడిది?” అంది. గురమ్మ చెప్పబోయిన మాటను మంచినీళ్ళతో మింగేసింది. తిట్టి ఉంటే ఎంత తేలికయ్యేది! తలుపు వేసి తాళం పెట్టినవాళ్ళతో పోట్లాడొచ్చు. కంచంలో రెండోసారి వడ్డించేవాళ్ళతో ఏమని పోట్లాడతాం?

శనివారం కాగితం రాయడానికి కూర్చున్నప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తే అన్నయ్యకు ఒళ్ళు మండుతుంది. మండితే, “నీ దారి నువ్వు చూసుకో,” అనొచ్చు. ఆ ఒక్క మాట అంటే చాలు, సంచీ సర్దుకుని బస్సెక్కేస్తుంది. నిజం రాయడం వెనక తనకు అలాంటి ఆశ ఉన్నందుకు సిగ్గుపడింది. అయినా రాసింది. రెండు నంబర్లూ రాసింది, కొత్త పూత సంగతి రాసింది, సరైన ధర రాసి కింద సంతకం పెట్టింది. అది చదివి అన్నయ్య కోప్పడలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడంతే.

సోమవారం పళ్ళ డాక్టరు వచ్చాడు. అన్నయ్య కాగితం ఇచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. డాక్టరు రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివాడు.

“ఇది రాసిందెవరు?”

“మా చెల్లెలండీ,” అన్నాడు అన్నయ్య.

“అమ్మా, నా దగ్గర పద్నాలుగు తుపాకులున్నాయి. పద్నాలుగింటికీ ‘అసలుదే’ అని రాసిచ్చారు అందరూ. కాదని రాసిన మొదటి మనిషివి నువ్వే. అన్నీ తెస్తాను, ఒక్కోటీ విప్పి చూసిపెట్టు. నా స్నేహితులకూ చెబుతాను.”

ఈ బొంతను కూడా ఆమె రాసిన ధరకే కొనుక్కుని వెళ్ళాడు. అన్నయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నాన్న ఉంటే ఎంత పొంగిపోయేవాడే! ఇన్నాళ్ళూ నీ విలువ నాకు తెలియలేదు. ఇకనుంచి నువ్వు చెప్పిందే మాట.”

ఇప్పుడే చెప్పాలనుకుంది. “అన్నయ్యా, నాకో ఉద్యోగం వచ్చింది,” అంది.

“వచ్చిందేంటి, ఇంకా వస్తాయి! చూడు, జనం క్యూ కడతారు,” అన్నాడాయన, ఆమె మాట పూర్తికాకుండానే, వదినను పిలుస్తూ మెట్లెక్కుతూ.

ఆ సాయంత్రం ఆమె కార్యదర్శికి ఫోన్ చేసి రెండు నెలలు గడువడిగింది. ఆవిడ పెద్దమనసుతో సరేనంది. మర్నాటి నుంచే డాక్టరు తుపాకులు దిగాయి. వాటి వెనక ఆయన స్నేహితులవి వచ్చాయి. గదిలో గోడ పొడుగునా కొయ్యమేకులు కొట్టించి, తుపాకులను వాటికి తగిలించారు. ఆమె కుర్చీ వెనక్కి జరిపే చోటు కూడా మిగల్లేదు. ఒక రోజు మధ్యాహ్నం గోడ మీది క్యాలెండరు చూస్తే గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఎవరూ ఆపలేదు. తనే లెక్క మరిచిపోయింది. ఆ సంగతి తలచుకుని, చేతిలో స్ప్రింగు పట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చుంది.

మ్యూజియం ఉద్యోగంలో ఒక యువతిని తీసుకున్నారు. తెలివైనదే కానీ పనికి కొత్త. వారానికోసారి గురమ్మకు ఫోన్ చేస్తుంది.

“ఆంటీ, దీని మీద ముద్రేమీ కనబడట్లేదు. ఎక్కడ చూడమంటారు?”

“ముందు గొట్టం మడిచి గుండుందేమో చూశావా?”

“చూశానాంటీ.”

“అయితే చెక్క విప్పు. నాలుగు మరలుంటాయి, వెనకదానితో మొదలుపెట్టు. తొందరపడకు, నేను లైన్లోనే ఉంటాను.”

ఫోను చెవికి ఆనించుకుని, అటువైపు మర తిరుగుతున్న చప్పుడు వింటూ, గురమ్మ కళ్ళు మూసుకుంది.