వాలు చెలక మీద బొబ్బెర తీగ

నా చిన్నప్పుడు నర్మెట్ట పక్కన మా ఊళ్లో నా అంత గట్టి బేరగత్తె ఇంకొకరు లేరు. ఎండాకాలంలో చెలకలో, అంటే మెట్టచేనులో, మేకలమంద పెట్టించుకున్నవాళ్లు, పడిన ఎరువుకు బదులుగా మేకలాయనకు గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. నేను మాత్రం మా చెలకలో మంద దింపనిచ్చి, ఆయన దగ్గరే ఒక గంప తాటిముంజలు రాబట్టాను. మా కిరాణా కొట్టు గడప మీద పెరిగిన పిల్లను మరి! పదేళ్లకే అలాంటి బేరం ఎవరు చేశారో చెప్పమనండి.

ఆయన ఎందుకు నవ్వుతూ ఒప్పుకున్నాడో నాకు తట్టలేదు. మా వాలు చెలకకు బాపు, అంటే మా నాన్న, ఆ ఏడు బండ్లతో చెరువు మన్ను తోలించాడు. అది జారిపోకుండా అడ్డంగా గరిక పట్టీలు వదిలాడు. ఊరంతా ఎండిపోయిన రోజుల్లో మేకలకు అది పెళ్లి విందు. బాపు సరుకు కోసం జనగామ వెళ్లి వచ్చేలోపు గరిక వేళ్లదాకా పోయింది. నేల శుభ్రమైందని నేను మురిసిపోయాను కూడా.

తొలకరి ఒక్కటే వాన. నల్లమన్ను బాటమీదికి వచ్చింది, చెలకలో ఎర్రమొరం తేలింది. బాపు గట్టు మీద కూర్చుని, తేలిన మొరాన్ని పిడికిట్లోకి తీసుకుని చూశాడు. తిట్టినా బాగుండేది. ఇంకో రెండు వానలు అలాగే పడితే జొన్న వేయడానికి మన్ను మిగలదని నాకూ తెలుసు.

లంబాడీ తండా నుంచి మా కొట్టుకు ఉప్పుకో బెల్లానికో వచ్చే అవ్వ ఒకామె ఉండేది. నా మొహం చూసి సంగతంతా రాబట్టి, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఏం పిల్లా, ముంజలు తియ్యగున్నయా?"

"నవ్వకు అవ్వా, పరేషాన్ల ఉన్న."

"ఉన్న మన్ను నిలబెడ్త. రెండు సేర్లు బొబ్బెర్లు తే. కాతల సగం నాది."

"సగమా! జర తగ్గియ్యి."

"నేను తగ్గుత గని, వాన తగ్గుతదా?"

పుచ్చుగింజల డబ్బాలో చేయి పెట్టబోతే నా మణికట్టు పట్టుకుని మంచి సంచి వైపు తిప్పింది. నన్ను కొట్టులో అలా పట్టుకున్నది ఆమె ఒక్కతే.

పైనుంచి కిందికి గీత గీస్తే నీళ్లకు మనమే బాట వేసినట్టని చెప్పి, వాలుకు అడ్డంగా చాళ్లు తీయించింది. దగ్గరదగ్గరగా గింజలు వేశాం. బాట పక్కన దొరికిన గరిక కణుపులు మధ్యమధ్యలో నాటాం. రెండో రోజు బాపు వచ్చి పార అందుకున్నాడు. తీగలు అల్లుకునేదాకా చిన్న జల్లు పడినా వెళ్లి చాళ్లు చూసి వచ్చేదాన్ని.

నెల తిరిగాక పెద్ద వాన వచ్చింది. ముగ్గురం గోనెసంచులు కప్పుకుని పరుగెత్తాం. చినుకులు ఆకుల మీదే చప్పుడు చేసి, మెల్లగా దిగుతున్నాయి. చెలక కింద నీళ్లు దాదాపు తేటగా వస్తున్నాయి. అవ్వ దోసిట్లో పట్టి చూసి తమ భాషలో ఏదో కేక వేసింది. మాకు మాట అర్థం కాలేదు గానీ సంతోషం అర్థమైంది. అంత గంభీరమైన మా బాపు తీగల మీద కాలు జారి కూలబడి, లేవకుండా అక్కడే నవ్వాడు.

ఇప్పటికీ బోడి వాలు కనబడితే నా చేయి ఊరుకోదు, ఏదో ఒక తీగ నాటి వస్తాను. ఇక ఆనాటి లెక్క దాచకుండా చెబుతాను. కాతలో సగం అవ్వ ఎత్తుకెళ్లింది, న్యాయంగా. మిగిలిన మన్నులో మరుసటి ఏడు జొన్న పండింది. కానీ నాలుగు బండ్ల నల్లమన్ను బాట దాటి వాగులో పోయింది. అది వాన మీద రాయలేను. నా మీదే.