మ్యూజియంలో తెగిన పోగు

నిరుడు మా మనుమరాలు నన్ను హైదరాబాదులో ఒక మ్యూజియానికి తీసుకెళ్లింది. అక్కడ చుట్టూ తాడు కట్టి ఉంచిన పాత చేనేత మగ్గం మీద పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. సిరిసిల్లలో నలభై ఏళ్లు నేసినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. తాడు మీదుగా వంగి ముడి వేసేశాను.

గంట గణగణ మోగింది. కాపలా మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టొద్దని బోర్డున్నది, సదువరాదా? పోలీసులను పిలుస్త!"

"తాతా, గిట్లెందుకు జేసినవే?" మనుమరాలు ఏడ్చేసింది.

మ్యూజియం పెద్ద సారు వచ్చాడు.

"సదువొస్తది సారూ, అరవై ఏండ్లకు నేర్సుకున్న. గీ చేతులు పదేండ్లకే నేర్సుకున్నయ్" అన్నాను.

ఆయన ముడిని చాలాసేపు చూసి, "ఇగ పో పెద్దాయనా" అన్నాడు.

తప్పు నాదే. కానీ ఆ ముడి విప్పమని మాత్రం ఆయన అనలేదు.