కబురు చెప్పే వంతు

మా పెద్ద డాక్టరు గారు పోయారు. రెజిమెంటల్ బజార్‌లో ఆయన ఆస్పత్రికి తాళం వేసి ఉంటే ఎదురుగా అత్తరు దుకాణం సాయిబును అడిగాను. "నీకు తెల్వదా సిస్టరమ్మా? మొన్ననే గుండె ఆగి పోయిండు, ఆయన రూములనే" అన్నాడు. అక్కడ ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి పొయ్యి ముట్టించాక వచ్చింది. అది దుఃఖమో ఉక్రోషమో నాకే తెలియలేదు.

నాకు నర్సు పని నేర్పింది ఆయనే. సూది వేయడానికి నరం దొరక్కపోతే, "కండ్లు మూస్కో. వేలుతోని చూడు" అనేవారు. ఇప్పటికీ అలాగే వెతుకుతాను, దొరుకుతుంది. పోలీసు చర్య రోజుల్లో ఊళ్ల నుంచి జనం మూటలతో సికింద్రాబాదుకు వచ్చి పడుతుంటే, ఆయన గేటు తీయించి పెట్టారు. వచ్చినవాళ్ల పేర్లు రాయబోయిన కంపౌండరును ఆపి, "పేరు తర్వాత అడుగు. ముందు పండవెట్టు" అన్నారు. ఆ రోజుల్లో పేరు అడిగితే మతం బయటపడుతుందని అందరికీ తెలుసు. ఆ ఒక్క మాటకు ఆయనకు చేతులెత్తి మొక్కాలి.

సంతాప సభలో ఇవన్నీ చెబుతారు. "కోపిష్టే గానీ మనసు వెన్న" అని కూడా అంటారు. ఆ కోపాన్ని భరించింది మేము కాబట్టి మిగతాది నేను చెబుతాను.

ఆపరేషన్ గదిలో కత్తెర అందించడం కాస్త ఆలస్యమైతే పళ్లెం వెళ్లి గోడకు తగిలేది. చదువుకున్న చిన్న డాక్టర్లను రోగుల ముందే గాడిదలని తిట్టేవారు. "మా ఉస్తాద్ నన్ను వేళ్ల మీద కొట్టి నేర్పిండు. భయముంటేనే చెయ్యి సాఫ్‌గ నడుస్తది" అని గర్వంగా చెప్పుకునేవారు. తాను తిన్న దెబ్బలే తనను డాక్టర్ని చేశాయని పాపం ఆయన నమ్మకం. నా చేతిలోంచి కత్తెర జారింది మాత్రం ఆయన ముందే.

కోపమొస్తే ఆయనకు ఒళ్లు తెలియదని మేమంతా సర్దిచెప్పుకునేవాళ్లం. మిలిటరీ సర్కారు కొత్తలో ఒక ఆఫీసరు మందుల నిల్వ చూడటానికి వచ్చి, ఆయన కుర్చీలోనే కూర్చుని, ఆయన్ను నిలబెట్టి నానా మాటలన్నాడు. మా డాక్టరు గారు తలవంచి "జీ సాబ్, జీ సాబ్" అన్నారు. జీపు గేటు దాటగానే చేతికందిన మందుసీసా కంపౌండరు మీదికి విసిరారు. ఒళ్లు తెలియని కోపానికి ఎవరి మీద పడాలో మాత్రం బాగా తెలుసన్నమాట! ఆ రోజుతో నాకు జాలి పోయింది.

ఆయనకు చెడ్డ కబురు ఎవరు చెప్పాలన్నదానికి మాలో మేము వంతులు వేసుకున్నాం. ఇవాళ ఒకరు తిట్లు తింటే రేపు ఇంకొకరు. నవ్వుకుంటూ పెట్టుకున్న ఏర్పాటే, అదే కొంప ముంచింది.

మెట్టుగూడ నుంచి ఒక రైల్వే ఖలాసీ తన భార్యను కాన్పుకు తెచ్చాడు. పిల్ల పుట్టింది. మధ్యాహ్నం ఆమెకు రక్తస్రావం మొదలైంది. డాక్టరు గారు వెనక ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. నేను బయటి రోగుల దగ్గర నుంచి వార్డులోకి వచ్చేసరికి ఇద్దరు నర్సులు గుసగుసలాడుకుంటున్నారు.

"నిన్న నేను పోయిన. ఇయ్యాల నీ వంతు."

"నిన్నటిది లెక్క గాదు, ఆయనే ఎదురొచ్చిండు గద!"

చిన్న డాక్టరు గడియారం చూస్తూ, "జెర ఆగుండ్రి, తినుడు కానియ్యండ్రి" అంటున్నాడు. మంచం కింద నేల తడిసింది. నేను పరుగెత్తాను.

నేను చెప్పీ చెప్పకముందే ఆయన ఎంగిలి చేత్తో, చెప్పులు లేకుండా వచ్చారు. ఒక్క మాట తిట్టలేదు. చేయగలిగిందంతా చేశారు. ఆమె దక్కలేదు.

"నన్నెందుకు పిలువలే?" అని అడిగారు.

"మీరు అన్నం తింటుండ్రు సార్" అన్నాడు చిన్న డాక్టరు.

"అన్నమేందిరా, గాడిద!" అని ఆయన అరిచిన అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయి.

ఆ వారమే నేను పని మానేస్తూ ఆయనకు చెప్పాను. "మీరంటే భయం సార్. గందుకే రాలే వాళ్లు."

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "నేనెన్నడన్న రోగిని ఒక్క మాటన్ననా? భయపడేటోళ్లు ఈ పనికెందుకొచ్చిన్రు?" అన్నారు. ఆ ముఖంలో అబద్ధం లేదు. ఆయనకేమీ అర్థం కాలేదు. అందుకే ఆయన్ను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

నిన్న వాళ్లింటికి పరామర్శకు వెళ్తే కంపౌండరు గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఎలా జరిగిందని అడిగాను.

"రూముల ఏదో ధన్‌మని పడ్డది సిస్టరమ్మా. మల్ల ఏందో ఇసిరిండనుకున్నం. కోపం సల్లారినంక పోదామని తలుపు బయటనే నిలవడ్డం, నలుగురం. జెరసేపటికి సప్పుడు బందయింది."

"అప్పుడన్నా పోలేదా?"

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "లేదమ్మా. హమ్మయ్య, శాంతించిండు అనుకున్నం."